పల్లంలో నిమ్మతోట

జమ్మలమడుగు నుంచి వచ్చిన బండి వాకిట్లో నిలబడి చాలాసేపైంది. బండి తోలుకొచ్చిన మనిషి ఎద్దుల్ని విప్పలేదు. విప్పమని ఇంట్లో ఎవరూ అనలేదు.

"నీకోసం మీ అన్న పంపిన బండి గదమ్మా మెహరూ. పగ ఉంటే మనకూ మనకూ ఉండల్ల గానీ, బండి తోలే ఆయప్పతో మనకేంది? ఇన్ని నీళ్లియ్యి," అంది ఖమర్‌బీ కోడలితో.

మెహరున్నీసా చెంబు అందుకుంది.

"చెలమ నీళ్లియ్యి," అన్నాడు యూనుస్.

నిన్న సాయంత్రం నుంచి ఆమె మొగుడు నోరు విప్పడం అదే మొదలు. గోడకానుకుని పలుపుతాడు పేనుతున్నవాడు తలెత్తకుండానే అన్నాడు. "వాళ్ల కార్ఖానా కాడి నుంచి వచ్చే నీళ్లే గదా. ఎట్లుండాయో తాగి చూసి, పోయి చెప్తాడు."

ఇంట్లో రెండు కడవలున్నాయి. మూత పెట్టిన దాంట్లో ఆదినారాయణరెడ్డి బావి నుంచి మోసుకొచ్చిన మంచినీళ్లు. మూత లేనిదాంట్లో పెన్నలో చెలమ తవ్వి తెచ్చిన నీళ్లు. అవి అంట్లు తోమడానికి తప్ప దేనికీ పనికిరావు. మెహరున్నీసా రెండింటి మధ్యా ఒక్క క్షణం నిలబడి, మూత తీసి మంచినీళ్లు ముంచింది.

యూనుస్ చూశాడు. తాడు పేనే చేతులు ఆగిపోయాయి.

ముందురోజు చావడి దగ్గర జరిగింది దిగువపల్లెలో తెలియనివాళ్లు లేరు. ఊరి పెద్దగా ఆదినారాయణరెడ్డి అర్జీ చదివి వినిపించాడు. జమ్మలమడుగు గట్టు మీద గౌస్ మొహిద్దీన్ పెట్టిన తోళ్ల కార్ఖానా మురుగు ఏట్లో కలిసి దిగువ ఊళ్లకు తాగే నీళ్లు లేకుండా పోయాయనీ, దాన్ని మూయించాలనీ అందులో రాసి ఉంది. సోమవారం తాసిల్దారు విచారణకు వస్తున్నాడు. మొదటి సంతకం ఎవరు పెడతారని రెడ్డి అడిగితే, గౌస్ మొహిద్దీన్ చెల్లెలి మొగుడు యూనుసే లేచి వెళ్లి పెట్టాడు.

పేరు రాయడం యూనుస్‌కు నేర్పింది మెహరున్నీసా. పెళ్లైన కొత్తలో, ఏటి ఇసకలో, అతని వేలు పట్టుకుని.

ఆమె చెంబు బయట ఇచ్చి లోపలికి వచ్చింది.

"నన్నొక మాట అడగల్లని అనిపించలేదా నీకు?"

"అడిగింటే ఏమనింటావు?"

ఆమె మంచినీళ్ల కడవ మీద మూత పెట్టింది.

"నేను మీ అన్న మీద పెట్టలేదు. నీళ్ల కోసం పెట్టినా."

"అర్జీలో ఉండేది మా అన్న పేరే గదా."

"ఇంగెవరి పేరు రాయల్ల? కార్ఖానా పెట్టింది ఎవరు?"

బయట ఎద్దు మెడ విదిలిస్తే గంటలు మోగాయి.

ఏరు సన్నగిల్లి ఇసక తేలే కాలానికి పెన్నలో కర్బూజ పాదులు పెట్టడం యూనుస్ వాళ్లకు తాతల నాటి పని. ఇసకలో గుంత తీసి, ఎరువు వేసి, విత్తనం నాటి, పక్కనే చెలమ తవ్వుకుని కడవలతో తడిపేవాళ్లు. వాళ్ల కాయ ప్రొద్దుటూరు చేరితే బండి దించకముందే బేరమాడేవాళ్లు. పోయినేడు ఆకుల అంచులు ఎర్రబడి ముడుచుకుపోయాయి. ఈ ఏడు పిందెలు పిడికెడంత కాకముందే కుళ్లి రాలాయి. చెలమలో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి గానీ, వాటి మీద నూనె తెట్టులాగా ఏదో మెరుస్తోంది. ఆ నీళ్లలో ఆడిన పిల్లలకు మోకాళ్ల దాకా గజ్జి.

ఒకప్పుడు ఆ నీళ్లే ఆమెకు పుట్టింటి కబురు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు బెంగ పుడితే చెలమ దగ్గరికి పోయి దోసిలి పట్టి తాగేది. ఇవి నిన్నటికి మా రేవు దాటిన నీళ్లు గదా అనుకునేది. అమ్మ పోయిన తర్వాత ఆ అలవాటు మరీ ముదిరింది. ఇప్పుడు దోసిట్లోకి తీసుకుంటే పచ్చితోలు కంపు కొడుతోంది. కార్ఖానా పెట్టినప్పటి నుంచి ఆమె జమ్మలమడుగు ముఖం చూడలేదు. పోవద్దని యూనుస్ అనలేదు. పోతానని ఆమె అడగలేదు.

"పోయిరామ్మా," అంది ఖమర్‌బీ. "రెడ్డి చెప్తే పెత్తనం అనుకుంటాడు మీ అన్న. వీడు చెప్తే కడుపుమంట అనుకుంటాడు. నువ్వు చెప్తే ఏమనుకుంటాడో చూద్దాం."

"ఆడికి పోయినాక మీ అన్న మాటే మంచిగా అనిపిస్తే, ఆడనే ఉండు," అన్నాడు యూనుస్.

ఖమర్‌బీ కొడుకు వైపు చూసింది. అతను తాడు కింద పడేసి ఏటి వైపు వెళ్లిపోయాడు. మెహరున్నీసా బండెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ఇసకలో అతని వీపు ఒక్కటే కనిపించింది.

❖

బండి గట్టు దారి పట్టి ఎగువకు సాగింది. తంగేడు చెక్క వేసుకున్న బండ్లు కొన్ని వీళ్లను దాటుకుంటూ పోయాయి. తోళ్ల పదునుకు ఆ బెరడే ఆధారం. దారి పొడవునా పసుపు ముద్దల్లా పూసే తంగేడు పొదలు ఇప్పుడు మోళ్లయి నిలబడ్డాయి. ఊరు ఇంకా కనిపించకముందే వాసన వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, ఇది మా ఊరు గదా అని ఆమె చెయ్యి దించేసింది.

గౌస్ మొహిద్దీన్ వీధిలోకి ఎదురొచ్చి చెల్లెలి రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని గోళ్లు తంగేడు చెక్క రంగు పట్టి గోధుమరంగుకు తిరిగాయి.

"చిక్కిపోయినావుమే."

"నువ్వు నెరిసిపోయినావు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ లోపల పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. కోపం తెచ్చుకుని వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

వదిన నూరున్నీసా సంగటి, కోడికూర వడ్డించింది. మెహరున్నీసా రెండు ముద్దలు తిని నీళ్లు తాగింది. తాగుతూనే కళ్లు మూసుకుంది. ఆ నీళ్లు ఆమెకు తెలుసు.

"అమ్మ తోటలో బాయి నీళ్లు," అంది నూరున్నీసా. "మేమందరం అవే తాగుతాం."

"ఏటి నీళ్లు తాగరా?"

ఎందుకడిగిందో అప్పుడు ఆమెకే తెలియదు. అన్న చేతిలోని ముద్ద కంచంలోకి దిగిపోయింది.

"నీ మొగుడు మొదటి సంతకం పెట్నాడంట," అన్నాడు.

"పెట్నాడు."

"నాకు ఆయప్ప మీద కోపం లేదుమే. నా మాట కూడా ఒకటి విను. కరువులో నేను అరవ దేశంలో తోళ్లు పదును చేసే షాపులో పని చేస్తాంటి. సెలవు పెట్టి ఇంటికొస్తే అమ్మ లేదు. యాడికి పోయిందంటే గంజి కేంద్రానికి అనిరి. పోయి చూస్తే ఎండలో ముంత పట్టుకోని వరసలో నిలబడిండాది. నన్ను చూసి ముంత కొంగు కింద దాపెట్టుకునె. ఆ పొద్దే అనుకుంటి, ఈ ఊర్లోనే పది మందికి పని పుట్టియ్యల్లని. రాజధాని కర్నూల్లో ఉన్నప్పుడు దరఖాస్తు పెడితే, హైదరాబాదుకు పోయినాక లైసెన్సు వచ్చె. అంత తిరిగినా దానికోసం."

అమ్మ ముంత దాచుకున్న సంగతి మెహరున్నీసాకు ఇంతవరకూ తెలియదు. అమ్మ ఆ కరువు గురించి ఎప్పుడడిగినా, మాకేం తక్కువమ్మా, బాగానే జరిగింది అనేది.

"నువ్వు కార్ఖానా పెట్టింది తప్పని నేననలేదన్నా," అంది నెమ్మదిగా. "మా ఊరి పిల్లోళ్ల కాళ్లు చూడు అంటాండా. ఒకసారి వచ్చి చూడు."

"నువ్వు రా ముందు," అంటూ లేచాడు గౌస్ మొహిద్దీన్. "నీ కండ్లతో చూసినాక మాట్లాడదాం."

❖

కార్ఖానా అంటే పెద్ద పెద్ద రేకుల కొట్టాలు నాలుగు. సున్నపు గుంతల్లో తోళ్లు నానుతున్నాయి. మగవాళ్లు వాటిని కర్రలతో తిప్పుతున్నారు. ఒక పక్క ఆడవాళ్లు వరసగా కూర్చుని తంగేడు చెక్క దంచుతున్నారు. వాసనకు కళ్లు మండాయి గానీ, అక్కడ పని చేసేవాళ్లకు అది అలవాటైపోయినట్టుంది. ఒకామె దంచుతూనే ఏదో చెప్పి పక్కనున్నవాళ్లను నవ్విస్తోంది.

గౌస్ మొహిద్దీన్ చెల్లెలని చెప్పగానే ఆమె రోకలి పక్కన పెట్టి వచ్చింది. పేరు గురవమ్మ. నడి వయసు.

"దిగువపల్లెలో ఇచ్చింది నిన్నేనా తల్లీ? కార్ఖానా మూస్తారంటనే, నిజమేనా?"

మెహరున్నీసా సున్నపు గుంతల వైపు తల తిప్పుకుంది.

"కరువులో నేను పులివెందుల పక్క రోడ్డు మీద కంకర కొట్టను పోతి," అంది గురవమ్మ. "పిల్లోళ్లను మా యమ్మ కాడ ఇడిసిపెట్టి పోతి. తిరిగొస్తే చిన్నది నన్ను చూసి మా యమ్మ చాటున నిలబడె. నేనెవరో దానికి తెలీలేదు. ఇప్పుడు పొద్దుగూకితే ఇంటికి పోతా. అది నా కాడనే పండుకుంటాది. ఇంగ నాకేం వద్దమ్మా."

"మాకాడ నీళ్లు…" అని మొదలుపెట్టింది మెహరున్నీసా.

"నాకు తెలుసు తల్లీ. మా చెల్లెల్ని గూడా దిగువనే ఇచ్చినాం. దాని బిడ్డలకూ గజ్జే. మొన్న వచ్చి నా మీద పడి ఏడ్సిపోయె. మీరు పాడు చేసిన నీళ్లు మేం తాగల్నా అనె." గురవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏమని మొక్కుకోవల్నో తెలీక మొక్కుకోవడమే మానేస్తి."

ఆమె మళ్లీ రోకలి పట్టుకుంది. ఈసారి ఎవరినీ నవ్వించలేదు.

కొట్టాల వెనక చిన్న కాలువ ఉంది. చాయ డికాక్షన్ లాంటి నీళ్లు అందులో నురగ కట్టుకుంటూ పోయి పెన్నలో పడుతున్నాయి. మెహరున్నీసా అక్కడే నిలబడిపోయింది. ఆ నీళ్లు ఏ ఏ మలుపులు తిరిగి తన గుడిసె ముందుకొస్తాయో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

"ఇవి ఏట్లోకి పోకుండా చేసేదానికి లేదా అన్నా?"

"ఉండాది."

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు అన్నాడు. ఆమె తిరిగి చూసింది.

"వెడల్పుగా, లోతు లేకుండా గుంతలు తవ్వి, గచ్చు చేసి, ఈ నీళ్లను ఆటికి మళ్లిస్తే ఎండకు ఎండిపోతాయి. అరవ దేశంలో ఒగ తావున చూసినా. అడుగున మిగిలే మడ్డిని ఎత్తి పారేయొచ్చు."

"మరి చేయలేదే?"

"యాడ చేయల్లమే? పైన నా మెట్టచేను చూస్తే బండ. పడమర చేను అడిగితే ఆ చేనోళ్లు ఇయ్యం పొమ్మనిరి. నీళ్లు తమంతట తాము పారల్లంటే పల్లం కావల్ల, ఏటికి ఎడంగా ఉండల్ల. అట్లాంటి చోటు ఒకటే ఉండాది."

చోటు ఏదో చెప్పలేదు. చూపు మాత్రం అటు పోయింది. కొట్టాల కింద, వాలు దిగిన చోట, నిమ్మచెట్ల తలలు కనిపిస్తున్నాయి.

"అమ్మ తోటనా?"

గౌస్ మొహిద్దీన్ తల దించుకున్నాడు.

ఇల్లూ మెట్టచేనూ కొడుక్కు, నిమ్మతోట కూతురికి అని అమ్మ పోయేముందు పెద్దమనుషుల ఎదుట చెప్పిపోయింది. ఆ మాటకు అతను ఏనాడూ అడ్డు రాలేదు. ఏటేటా కాయలు కోయించి దిగువపల్లెకు పంపేవాడు.

"బండి పంపింది దీనికేనా అన్నా?"

అతను రంగు పట్టిన గోళ్లను పంచెకు రుద్దుకున్నాడు.

"దీనికి గూడా," అన్నాడు. "నిన్ను చూడల్లనీ పంపినా. రెండూ నిజమే. ఏది ముందని మాత్రం అడగొద్దు."

"నేను ఇయ్యనంటే?"

"నీ తోటలో నీకు తెలీకుండా మట్టిపెళ్ల తీయను. సోమవారం తాసిల్దారు మూయమంటే మూస్తా. మళ్లా అరవ దేశం పోతా. గురవమ్మకు నువ్వేం చెప్తావో, నేనేం చెప్తానో అప్పుడు చూద్దాం."

❖

ఆమె ఒంటరిగా తోటలోకి దిగింది. లోపల అడుగుపెడితే కార్ఖానా వాసన తగ్గి నిమ్మాకు వాసన తగిలింది. బావి ఒరమీద అమ్మ కూర్చునే చోటు నున్నగా అరిగి ఉంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది ఆమెకు. దిగువపల్లెలో మాటపడిన రోజుల్లో, కర్బూజ కాయ పోయిన రోజుల్లో, కడుపున బిడ్డ నిలవలేదని వాళ్లూ వీళ్లూ గుసగుసలాడిన రోజుల్లో, మనసులోనే ఈ తోటకు వచ్చి కూర్చునేది. ఈ మూల చిన్న కొట్టం, రెండు మేకలు, పొద్దున్నే బావి నీళ్లు. ఇక్కడే ఉండిపోయినట్టు ఊహించుకుంటే గుండె కుదుటపడేది. లేచి పనిలోకి పోయేది. భూమ్మీద ఆమెదని చెప్పుకునే చోటు ఇది తప్ప ఇంకోటి లేదు.

కాసేపటికి అన్న కూడా దిగి వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు.

"గుంతల నీళ్లు కిందికి దిగి ఈ బాయిలో కలవ్వా?" అని అడిగింది.

"గచ్చు గట్టిగా చేయిస్తా. ఐనా బాయి నిలుస్తాదని నేను మాటియ్యలేను. తాగే నీళ్లు మేం గూడా వేరే తావున చూసుకోవల్ల."

"చెట్లు?"

"చెట్లు తీయల్ల."

నిమ్మచెట్టు మీద పిట్ట ఒకటి వాలి ఎగిరిపోయింది. మెహరున్నీసా చేతికందిన ఆకు తుంచి నలిపింది. అన్న కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

"తీసుకో," అంది. "ఐతే ఒగ మాట. సోమవారం తాసిల్దారు ముందర, దిగువపల్లె వాళ్లు వినేటట్టు, ఏట్లోకి ఇంగ చుక్క పోదని నువ్వే చెప్పల్ల. పోయిందంటే నేనే వచ్చి నీ మీద అర్జీ పెడతా."

"చెప్తా," అన్నాడు. దగ్గరికి వచ్చి, చిన్నప్పటిలాగా ఆమె తల మీద చెయ్యి వేశాడు. "అమ్మ ఉంటే…"

"అమ్మ మాట ఎత్తొద్దన్నా ఇప్పుడు."

అతను చెయ్యి తీసేశాడు.

"రేపు పొద్దున్నే మనుషులను పంపిస్తా. తాసిల్దారు వచ్చేసరికి పని మొదలైనట్టు కనపడల్ల."

"పంపు. ఈ పొద్దుకు నన్ను ఈడనే ఉండనీ."

❖

పొద్దు వాలుతుండగా కంచె దగ్గర అలికిడైంది. నూరున్నీసా బువ్వ తెచ్చిందనుకుని లేచింది మెహరున్నీసా. వచ్చింది యూనుస్.

పంచె మోకాళ్ల దాకా తడిసి, కాళ్లకు ఇసక అంటుకుని ఉంది. ఏటి వెంబడే నడిచి వచ్చాడు. లోపలికి రాకుండా కంచె అవతలే నిలబడ్డాడు.

"నడిచే వస్తివా?"

"ఊ."

"అత్త పంపిందా?"

"లేదు." అతను కంచె ముల్లు ఒకటి విరిచి పారేశాడు. "పొద్దున ఆ మాట అనకుండా ఉండాల్సింది నేను. బండి వట్టిదే తిరిగొస్తాదేమోనని ఊరి బయట కూచున్నా. కూచోలేక వస్తి."

ఆమె కంచె తీసింది. అతను లోపలికి వచ్చి చెట్ల వైపు, బావి వైపు చూశాడు.

"దోవలో కార్ఖానా వాళ్లు చెప్పుకుంటాండారు. ఈ తోటను మీ అన్న గుంతలకు అడుగుతాడంట. అడిగినాడా?"

"అడిగినాడు."

"ఇయ్యొద్దు."

మెహరున్నీసా అతని ముఖంలోకి చూసింది. అర్జీ మీద మొదటి సంతకం పెట్టిన మనిషి ఈ మాట అంటాడని ఆమె అనుకోలేదు.

"మరి నీళ్లు?"

"పాదులు నావి. తోట నీది. నా పాదుల కోసం నీది పోగొట్టుకుంటే నేను బతికేదెట్ల?" యూనుస్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు. "నిన్ను మొదట ఈ తోటలోనే చూస్తి. మా నాయనతో పాటు వస్తి, నువ్వు ఆ చెట్టు కింద కాయలు ఏరుకుంటాంటివి. ఆ మొగం దిగువపల్లెలో నాకు మళ్లా కనపడలేదు. ఎప్పుడన్నా కనపడుతాదేమోనని చూస్తానే ఉంటి. ఇప్పుడు కంచె అవతల నిలబడి చూస్తే, అదే మొగం. ఈ చోటు పోతే అది గూడా పోతాది."

ఇన్నేళ్లూ అతను చూస్తూనే ఉన్నాడని ఆమెకు తెలియదు.

"ఊరోళ్ల సంగతి ఊరోళ్లు చూసుకుంటారు," అన్నాడు. "మనం యాడన్నా కూలికి పోదాం. పులివెందుల పక్క గనుల్లో పనుండాదంట."

"నేను…" అంది మెహరున్నీసా.

అతను వినలేదు. దగ్గర్లో ఉన్న చెట్టు మొదట్లో వంగి మట్టి తాకి చూస్తున్నాడు.

"పాది ఎండిపోయిందే. మీ అన్న తడి పెట్టియ్యడా?"

లేచి వెళ్లి చేద బావిలో వదిలాడు. నీళ్లు తోడి తెచ్చి, చేత్తో పాది సరిచేసి, పసిబిడ్డకు పోసినట్టు నెమ్మదిగా పోశాడు. నీళ్లు ఇంకేదాకా చూసి మళ్లీ బావి దగ్గరికి పోయాడు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు. కొట్టాల వైపు నుంచి పని దిగి ఇంటికి పోతున్న ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. వాళ్లలో గురవమ్మ గొంతు ఆమె గుర్తుపట్టింది. రేపు పొద్దున్నే గడ్డపారలతో వచ్చేవాళ్లలో వాళ్ల మొగుళ్లూ ఉంటారు.

యూనుస్ చేద కింద పెట్టి నడుం నిమురుకున్నాడు.

"చెట్లన్నీ ఐపోయినాయా ఇంగ?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. మాట ఇచ్చేశానని, చెట్లు ఉండవని, ఆ నీళ్లు పోసి లాభం లేదని. మెహరున్నీసా నోరు తెరిచింది.

"ఆ మూల ఇంగొకటుండాది," అంది.